బెల్లు కొట్టని ఆడమనిషి

మనామా బజారు వెనక, బంగారు కొట్లు దాటాక ఒక ఇరుకు సందు ఉంది. శుక్రవారం పొద్దుగూకాక, ఈ దేశానికి పనికొచ్చిన మన తెలుగువాళ్లెవరూ ఆ సందులో అడుగుపెట్టరు.

ఎందుకని అడిగితే గొంతు తగ్గించి చెప్తారు. చెక్క కిటికీల పాత మేడ ఒకటుంది కదా... దాని గుమ్మం ముందు నల్లబట్టల ముసలావిడ నిలబడుతుందట. పక్కనే బెల్లు ఉన్నా కొట్టదట. తలుపు మీద అరచెయ్యి ఆనించి, లోపలున్న మనిషిని పేరు పెట్టి పిలుస్తుందట — మెల్లిగా, పసిపిల్లని నిద్రలేపినట్టు.

సగం మంది ఇది విని నవ్వుతారు. ఆ నవ్వినవాళ్లు కూడా శుక్రవారం సాయంత్రం సామాన్‌కి వెళ్లాలంటే పెద్దరోడ్డు చుట్టి వెళ్తారు.

నాకు ఈ సంగతి చెప్పింది సత్యదుర్గక్క. తొంభై అయిదు, తొంభై ఆరు ప్రాంతాల్లో ఆ మేడలోనే పనిచేసిన మనిషి. వాళ్లది అమలాపురం వైపు, మాది రాజోలు. ఇప్పుడు తను బుదైయాలో, ఒక తోట ఉన్న ఇంట్లో పనిచేస్తోంది. నేను అద్లియాలో ఒకళ్ల పిల్లల్ని చూసుకుంటాను. తను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఒకటి రెండుచోట్ల నా మనసు ఊరుకోలేదు, అక్కడ మాత్రం మీరు సర్దుకోండి.

ఆ మేడలో ఉండేది ఒకే ఒక్క ముసలావిడ. పేరు సల్హా. వాళ్లు యూదులు.

యూదులంటే ఎవరో దుర్గక్కకి అప్పటిదాకా తెలీదు. ఆవిడే చెప్పిందట — తాతల కాలంలో బాగ్దాదు నించి పడవల్లో వచ్చారనీ, బట్టల వ్యాపారం చేశారనీ, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ వాళ్లవేననీ. తర్వాత ఒక్కో కుటుంబం ఒక్కో దేశం వెళ్లిపోయింది. సందులో ఈ ఇల్లొకటే మిగిలింది. వాళ్ల నాన్నకి బొంబాయిలో కూడా కొట్టు ఉండేది కాబట్టి ఆవిడకి హిందీ బాగా వచ్చు. దుర్గక్కకి వచ్చిన హిందీ, ఆవిడ హిందీ కలిసి ఇల్లు గడిచిపోయేది.

ఆవిణ్ణి ‘మామా’ అని పిలవాలి. ఇక్కడ యజమానురాల్ని అలాగే పిలుస్తారు, అమ్మ అని. మొదట్లో దుర్గక్కకి బుర్రమీసాల మేనమామ గుర్తొచ్చి నవ్వు ఆగేది కాదట. తర్వాత్తర్వాత ఆ పిలుపు నిజమైపోయింది. దుర్గక్కకి టైఫాయిడ్ వస్తే ఆ ముసలి ప్రాణం రాత్రంతా కూర్చుని తడిగుడ్డ మార్చింది. సొంత తల్లి కూడా నన్నలా చూసుకోలేదు అమ్మాయ్, అని దుర్గక్క ఇప్పటికీ అంటుంది.

శుక్రవారం వస్తే ఆ ఇంటి తీరు మారిపోయేది.

పొద్దు వాలకముందే గాజుగ్లాసుల్లో నీళ్లుపోసి, పైన నూనె పోసి, వత్తులు వేసి వెలిగించాలి. ఆ వత్తులు చేసేది దుర్గక్కే. మన ఇంట్లో చేసినట్టే దూది పేని చేసేది. కోడిని బియ్యంలో పెట్టి, కుండ పైన గుడ్లు పేర్చి, సన్నని మంట మీద దుప్పటి కప్పి తెల్లారేదాకా వదిలెయ్యాలి. ఒకసారి దీపాలు పెట్టాక మామా నిప్పు ముట్టదు. కరెంటు స్విచ్చి కూడా ముట్టదు. మర్నాడు చుక్కలు పొడిచేదాకా అంతే. ఏ లైటు వెయ్యాలన్నా దుర్గక్కే వెయ్యాలి, అదీ మామా నోరు తెరిచి అడక్కుండా తనంతట తనే కనిపెట్టి.

గుమ్మానికి కుడిపక్క, వాలుగా కొట్టిన చిన్న వెండి గొట్టం ఒకటి ఉండేది. లోపల దేవుడి మాటలు రాసిన తోలుముక్క ఉంటుందట. వస్తూ పోతూ మామా దాన్ని వేళ్లతో తాకి ముద్దు పెట్టుకునేది. దుర్గక్క దాన్ని తాయెత్తు అనుకుంది. దెయ్యాలు రాకుండా కట్టిన తాయెత్తు... ఇంకేమనుకుంటుంది, మనకి తెలిసింది అదేగా.

చలికాలంలో ఒకరోజు మామా ఒక్క దీపం విడిగా వెలిగించింది. ఆ రోజు శుక్రవారం కాదు.

ఎవరికి మామా, అని అడిగింది దుర్గక్క.

నా చెల్లెలికి, అందావిడ. నయీమా దాని పేరు. పందొమ్మిదేళ్లకే పోయింది. ఏడు రోజులు నేల మీద కూర్చున్నాం. ఇంట్లో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పాం. నాన్న చొక్కా గుండె దగ్గర చింపుకుని ఏడ్చాడు... ఇంక మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది.

పాపం, అంత చిన్న వయసులో, అనుకుని దుర్గక్క ఆ దీపంలో నూనె ఇంకొంచెం పోసింది.

*

ఎండలు ముదురుతున్నాయి. ఒక శుక్రవారం, దీపాలు పెట్టాక... సందులోంచి ఎవరో పిలుస్తున్నట్టు అనిపించింది.

‘‘సల్హా...’’

దుర్గక్క తలుపు దగ్గరికి వెళ్లింది. పాత తలుపు, చెక్కల మధ్య సన్నటి సందు ఉంది. కన్ను ఆనించి చూసింది.

ఒళ్లంతా కప్పే నల్ల అబాయా. మీద పడుతున్న చీకటి. ముడతల మొహం. ఒక చెయ్యి తలుపు మీద ఆనించి ఉంది... అంటే దుర్గక్క కన్నుకి జానెడు దూరంలో.

ఆ మొహం మామా మొహమే. అచ్చం. కాకపోతే ఎడమ కనుబొమ్మ నడిమికి తెగి ఉంది.

ఆవిడ బెల్లు వైపు చూసింది. కొట్టలేదు. గుమ్మం పక్కనున్న తాయెత్తుని వేళ్లతో తాకింది... ఆ వేళ్లని పెదాలకి ఆనించుకుంది... తిరిగి చీకట్లోకి వెళ్లిపోయింది.

దుర్గక్క వెనక్కి జరిగింది. తాయెత్తుకే భయపడని దెయ్యాన్ని ఆపేది ఎవరు?

లోపలికి పరిగెత్తి చెప్పింది. మామా చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. అప్పుడు అడిగిందట —

‘‘కనుబొమ్మ... తెగి ఉందా?’’

అవునంది దుర్గక్క.

‘‘చిన్నప్పుడు డాబా మెట్ల మీద పడింది. అది నయీమా.’’ మామా మొహంలో రక్తం లేదు. ‘‘దుర్గా, తలుపు తియ్యకు. అది నాకోసమే వచ్చింది. తీశావంటే ఆ రోజుతో నేను అయిపోతాను. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి.’’

దుర్గక్క ఆ తెల్లటి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఆ దేశంలో తనని మనిషిలా చూసుకున్నది ఆ ఒక్కావిడ. ఆవిడ ప్రాణం ఇప్పుడొక గడియ మీద ఆగి ఉంది. గడియ తన చేతిలో ఉంది. ఇంతే దుర్గక్కకి అర్థమైంది. అందుకే ఆ వేసవంతా కాపలా కాసింది.

సందు మొదట్లో ఇస్హాఖ్ భాయ్ దర్జీ కొట్టు ఉంది. కరీంనగర్ మనిషి. దుర్గక్క వెళ్లి గుట్టుగా సంగతి చెప్తే ఆయన ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు.

‘‘నేను గూడ సూశిన అక్కా. ఇంట్ల చెప్తె దుబాయి పోయి పిచ్చోడైండంటరని నోరు మూస్కున్న. కాళ్లు సూశినవా? ఎనుకకు తిరిగి ఉన్నయా?’’

అబాయా నేలదాకా ఉంది, కనపడలేదు, అంది దుర్గక్క.

ఆయన గుడ్డలు కత్తిరించే పెద్ద ఇనప కత్తెర తీసిచ్చాడు. పాతదే తీస్కపో, మళ్ల తెచ్చియ్యి, దెయ్యం దగ్గర మర్చిపోకు, అన్నాడు. ఇండియా కొట్లో నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు కొని దుర్గక్క గుమ్మానికి లోపలివైపు కట్టింది. మామా చూసి, ఇదేంటని అడగలేదు.

ప్రతి శుక్రవారం ఆ పిలుపు వచ్చేది. ‘‘సల్హా... సల్హా...’’ మామా దీపాల ముందు కూర్చుని, పుస్తకంలో చూస్తూ, పెదాలు కదుపుతూ ఉండేది. దుర్గక్క కత్తెర పట్టుకుని తలుపుకి వీపు ఆనించి నిలబడేది. చెక్కకి అటు ఆ చెయ్యి, ఇటు దుర్గక్క వీపు. చెక్కలోంచి వెచ్చదనం తగిలినట్టే ఉండేదట. ఎండకి కాగిన తలుపు కదా, అని సరిపెట్టుకునేది.

*

ఆగస్టు వచ్చింది. గాలి లేదు. సముద్రం మీంచి ఆవిరి లేచి సందుల్లో నిలబడిపోయేది. అలాంటి శుక్రవారం...

‘‘సల్హా...’’

ఆ తర్వాత — దగ్గు.

దుర్గక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. మళ్లీ దగ్గు. పొడి దగ్గు, గొంతు ఎండిపోయిన మనిషి దగ్గినట్టు. ఆ తర్వాత బట్టలు గోడకి రాసుకుంటూ జారిన చప్పుడు. మెట్టు మీద ఏదో బరువుగా కూలింది.

దెయ్యాలు ఏడుస్తాయని విన్నాను, నవ్వుతాయని విన్నాను, అని చెప్పింది దుర్గక్క. దగ్గుతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు అమ్మాయ్.

వెనక్కి తిరిగి చూసింది. మామా లోపలి గదిలో ఉంది. ఒట్టు గుర్తొచ్చింది. బయట ఊపిరి ఈలవేస్తోంది...

గడియ తీసింది. కత్తెర ముందుకి పెట్టి, వేలెడంత తెరిచింది.

ఆవిడ మెట్టు మీద కూలబడి ఉంది. ఒక చెప్పు ఊడిపోయింది. కాలు వాచి ఉంది. వేళ్లు ముందుకే ఉన్నాయి, మన కాళ్లలాగే. మెడంతా చెమట. కళ్లెత్తి దుర్గక్కని చూసి, ఆ కత్తెరని చూసి, హిందీలో అడిగింది —

‘‘కాసిని నీళ్లు ఇస్తావా అమ్మా?’’

దుర్గక్క కూజా తెచ్చింది. ఆవిడ తాగుతుంటే గొంతులో నీళ్లు దిగడం చూసింది. కొంచెం గడ్డం మీంచి కారి అబాయా తడిసింది. ఆగలేక చెయ్యి చాపి ఆవిడ మణికట్టు పట్టుకుంది. వెచ్చగా ఉంది. లోపల నాడి టకటకా కొట్టుకుంటోంది.

‘‘మీరు చచ్చిపోయారు కదా,’’ అంది దుర్గక్క. పిచ్చిమాటే. నోటికి అదే వచ్చింది.

ఆవిడకి కోపం రాలేదు. నవ్వింది. ‘‘అవును. ఆ రోజు నాకు బాగా గుర్తు. ఇక్కడ వీళ్లు నాకోసం నేల మీద కూర్చున్న రోజున నేను ఓడలో చేపల వేపుడు తింటున్నాను.’’

అప్పుడు చెప్పిందట, మెట్టు మీద కూర్చునే.

పందొమ్మిదేళ్లప్పుడు ఒక ఓడ కళాసీని ప్రేమించింది. యెమెన్ వాడు, ముస్లిం. కాపురం మాత్రం కార్డిఫ్ అనే ఊళ్లో. ఇంగ్లాండు పక్కన వేల్స్ దేశం ఉందట, అందులో రేవుపట్నం. అతని ఓడ బొగ్గు కంపు కొట్టేది, అతను మాత్రం ఏలకుల వాసన వేసేవాడు, అందట ఆవిడ. (ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు ఎవరైనా అలా గుర్తుండిపోతారా అనుకున్నాను.) ఒక తెల్లవారుజామున అతనితో ఓడెక్కేసింది. వాళ్ల నాన్న కూతురు చచ్చిపోయిందన్నాడు. చచ్చిపోయినవాళ్లకి చేసేదంతా చేశాడు. చనిపోతూ పెద్దకూతురి దగ్గర మాట తీసుకున్నాడు — నీకు చెల్లెలు లేదు, అని.

మనలోనూ ఉంది కదా, బతికున్న కూతురికి నీళ్లు వదిలెయ్యడం. ఎవరెవరి ఇళ్లలోనో చూసిందే. అయినా తట్టలేదు. ఏడు రోజులు కూర్చున్నామంటే, చొక్కా చింపుకున్నామంటే... శవం ఏదని ఎవరడుగుతారు?

కార్డిఫ్‌లో కూడా యూదులు ఉండేవాళ్లట. రష్యా వైపు నించి తరిమితే వచ్చి పడ్డవాళ్లు. మొదట్లో కిటికీ అద్దాలు, చిన్నచిన్న సామాన్లు వీపున మోసుకుంటూ కొండల్లో బొగ్గుగనుల ఊళ్లు తిరిగి అమ్మారు. తర్వాత బట్టల కొట్లు, కుర్చీలు బల్లల కొట్లు పెట్టుకున్నారు. గుడి కట్టుకున్నారు. అంతలోనే తగువులాడుకుని రెండో గుడి కట్టుకున్నారు. అది చెప్తూ ఆవిడ, ఎక్కడున్నా మావాళ్లంతే, అని నవ్విందట.

శుక్రవారం సాయంత్రం తను రోడ్డుకి అవతలివైపు నిలబడి ఆ గుడి కిటికీల్లో వెలుగు చూసేది. లోపలికి వెళ్లే ధైర్యం లేదు. ఒక చలికాలం, వానలో, ఒక దర్జీ భార్య రోడ్డు దాటి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఎవరి కూతురివని అడగలేదు, ఎవరి భార్యవని అడగలేదు. ముందు తల తుడుచుకో, అంది. అప్పట్నించి చివరిదాకా నయీమా గుడిలో ఆవిడ పక్కనే కూర్చుంది. ఇంట్లో ఆయన నమాజు ఆయనది, నా దీపం నాది, అందట నయీమా.

ఇప్పుడు ఆయన లేడు. దర్జీ భార్యా లేదు. అక్కడి పిల్లలు లండన్‌కి వెళ్లిపోయారు, ముసలివాళ్లు రాలిపోయారు, ఆ గుడి కూడా మూసేశారు.

‘‘నా చిన్నప్పటి పేరుతో పిలిచే మనిషి భూమ్మీద సల్హా ఒక్కతే. ఒక్కసారి పిలిపించుకుని పోదామని వచ్చాను. రేపు చీకటి పడ్డాక విమానం. మళ్లీ వచ్చే ఓపిక లేదు.’’

దుర్గక్కకి ఒక్కటే అర్థం కాలేదు. మరి పగలు రావచ్చుగా? వచ్చినప్పుడు బెల్లు కొట్టొచ్చుగా?

‘‘శుక్రవారం రాత్రి గుమ్మం దగ్గరికొచ్చిన మనిషిని అమ్మ ఎప్పుడూ వెనక్కి పంపలేదు. సల్హా కూడా పంపదనుకున్నాను. ఇంక బెల్లా... దీపాలు పెట్టాక మేము కరెంటు ముట్టుకోం కదమ్మా.’’

దుర్గక్క చేతిలో కత్తెర కిందికి దిగిపోయింది. దెయ్యానికి ఆచారం ఎందుకు? వేసవంతా... ఈ మనిషిని... ఈ ఎండలో...

వెనక అడుగుల చప్పుడు.

మామా నడవలో నిలబడి ఉంది. వెనకాల దీపాలు. మొహం కనపడటం లేదు.

‘‘సల్హా,’’ అంది నయీమా, గోడ పట్టుకుని లేస్తూ.

మామా దుర్గక్క వైపే చూస్తోంది. పక్కకి కూడా చూడలేదు.

‘‘దుర్గా, ఎవరితో మాట్లాడుతున్నావ్? అక్కడ ఎవరూ లేరు.’’

నయీమా ఏడవలేదు. ముక్కు ఎగబీల్చింది. వంటింట్లోంచి వస్తున్న వాసన పట్టి, చిన్నప్పట్లాగే అందట —

‘‘సల్హా, బియ్యం అడుగంటుతోంది.’’

మామా తల... వంటింటి వైపు తిరిగింది.

ఒక్క క్షణమే. వెంటనే మళ్లీ ఇటు తిప్పేసుకుంది. కానీ తిరిగింది. దుర్గక్క చూసింది. వినపడుతోంది. కనపడుతోంది. మొదటి శుక్రవారం నించీ వినపడుతూనే ఉంది. బయట నిలబడ్డది ప్రాణమున్న మనిషని ఈవిడకి తెలుసు... తెలిసే నా చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. నన్ను కూతురిలా చూసుకుంది. కూతుర్ని చేసి, ఆ తలుపుకి గడియ చేసింది.

‘‘తలుపెయ్యి దుర్గా,’’ అంది మామా. ‘‘నాన్నకి మాటిచ్చాను. వెయ్యి.’’

దుర్గక్క వేసింది — బయట నించి.

నయీమా భుజం కింద చెయ్యి వేసి, బజారు చివరున్న ఆవిడ లాడ్జి దాకా నడిపించింది. దారిలో ఇస్హాఖ్ భాయ్ కొట్టు మూస్తూ చూసి, షట్టర్ సగంలో వదిలేసి, గోడకి అతుక్కుపోయాడు. దుర్గక్క ఆయన కత్తెర ఆయన చేతికిచ్చి ముందుకి నడిచింది. ఆ రాత్రి నయీమా గదిలోనే కాళ్లు పడుతూ కూర్చుంది. మర్నాడు చీకటి పడ్డాక ముహర్రక్‌లో విమానం ఎక్కించింది. వెళ్తూ నయీమా, నువ్వొకసారి నా పేరు పిలువు, అని అడిగిందట. అంతే అడిగింది.

ఎయిర్‌పోర్టు నించి దుర్గక్క తిరిగి మేడకి వెళ్లింది. తలుపు వేసి లేదు. మామా అన్నం తింటోంది. ఎదురుగా వెళ్లి నిలబడింది. తిట్టినా బాగుండేది. మామా దుర్గక్కలోంచి వెనకున్న గోడని చూసింది. కంచం తీసుకుని, దుర్గక్క పక్కనించి నడిచి వెళ్లి, తనే కడుక్కుంది.

మామా, అని పిలిచింది దుర్గక్క. మళ్లీ పిలిచింది. ఆవిడ లైట్లన్నీ ఆర్పేసింది, ఇంట్లో ఇంకెవరూ లేనట్టు.

దుర్గక్కకి వీసా ఇప్పించిన కఫీల్, ఆవిడ పోయిన తమ్ముడి కొడుకే. మంచివాడు. ఏమీ అడక్కుండా కాగితాలు బుదైయా ఇంటికి మార్పించి, కారు పంపించాడు. దుర్గక్క కట్టుబట్టలతో ఎక్కింది.

చలిగాలి మొదలయ్యాక, ఒక శుక్రవారం సెలవు పెట్టి, మిగిలిన బట్టల పెట్టె తెచ్చుకుందామని వెళ్లింది. బస్సు ఆలస్యమై సందులోకి వచ్చేసరికి పొద్దుగూకింది. బెల్లు మీదకి చెయ్యి వెళ్లింది... లోపల దీపాలు పెట్టేసుంటారు కదా, అని వెనక్కి తీసుకుంది. తలుపు మీద అరచేత్తో తట్టింది.

‘‘మామా...’’

లోపల చిన్న అడుగులు. చెక్కల సందులో ఒక కన్ను మెరిసింది. కుర్ర కన్ను. కొత్తగా ఎవరినో పనికి పెట్టుకున్నట్టున్నారు.

ఆ కన్ను పెద్దదైంది. వెనక్కి జరిగింది. తర్వాత లోపలనించి దేవుణ్ణి తలుచుకుంటూ గుసగుస — మన తెలుగే, మన గోదావరి యాసే —

‘‘అమ్మో... మామా చెప్పిన మనిషే... జొరమొచ్చి చచ్చిపోయిందన్నదే, ఆ దుర్గే...’’

‘‘ఒసే పిల్లా, నేను బతికే ఉన్నానే,’’ అంది దుర్గక్క.

లోపల రెండో గడియ కూడా పడింది.